తుపాకి ఆట పట్నం పిల్లలకేనా?

మర్పల్లి: తుపాకి అనే మాట వినగానే మన పల్లెల్లో ముందుగా గుర్తుకు వచ్చేది పోలీసు స్టేషను. ఆ తరువాత గుర్తుకు వచ్చేది అడవి పంది. పంట చేతికి వచ్చే వేళ రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బా కొట్టే రైతుకు, ఇంట్లో ఒక భర్మార్ ఉంటే ఎంత బాగుండునని అనిపించడం సహజం. అయితే తుపాకి ఒక ఆట వస్తువు కూడానని, గురి తప్పకుండా కొట్టినవారికి ఒలింపిక్సులో పతకాలు ఇస్తారని, ఆ ఆట ఆడేవారి కోసం మన దేశపు చట్టంలోనే ప్రత్యేకంగా ఒక వాకిలి ఉన్నదని తెలిసినవారు మండలంలో వేళ్ళ మీద లెక్కించదగినంత మంది మాత్రమే ఉంటారు.

మర్పల్లిలో రైలెక్కి వికారాబాదు మీదుగా హైదరాబాదు చేరితే పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్య పతకం తెచ్చాడు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ళ వయసులో, జాతీయ పోటీల్లో పెద్ద పెద్ద షూటర్లను దాటి ఎయిర్ పిస్టల్ విజేతగా నిలిచింది. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆమె ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. అదే క్రీడల్లో హైదరాబాదు షూటర్ కైనన్ చెనాయ్‌కి ట్రాప్ పోటీలో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం లభించాయి. వినికిడి లేని ధనుష్ శ్రీకాంత్ బధిరుల ఒలింపిక్సులో ఎయిర్ రైఫిల్ స్వర్ణం సాధించాడు. ఒక పూట ప్రయాణం దూరంలో ఇన్ని పతకాలు పండుతుండగా మర్పల్లి, తాండూరు, వికారాబాదు పల్లెల పిల్లలకు ఆ తుపాకి ఎందుకు అందడం లేదన్నది ఆలోచించవలసిన విషయం.

చట్టం కఠినంగా ఉండడమే కారణమని చాలామంది అనుకుంటారు. చట్టాన్ని తెరిచి చూస్తే సంగతి వేరుగా కనిపిస్తున్నది.

చట్టం ఏమంటున్నది?

మన దేశంలో తుపాకుల విషయమంతా 1959 నాటి ఆయుధాల చట్టం కిందికి వస్తుంది. 1962 అక్టోబరు 1 నుంచి అది అమలులో ఉన్నది. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం నేరం. 2019 సవరణ తరువాత ఇందుకు మామూలు తుపాకులకే రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా జైలు శిక్ష ఉన్నది. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో సరదాకు గాలిలోకి కాల్చి ఇతరులకు ప్రమాదం తెచ్చేవారికి రెండేళ్ళ దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని కూడా అదే సవరణ చెప్పింది. లైసెన్సు కలిగినవారు ఉంచుకోగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెంచారు.

కాగా ఇదే చట్టంలోని 13వ సెక్షను పల్లె ప్రజలు చదవదగినది. నిజంగా పంట కాపలాకు భర్మార్ అడిగే రైతును, గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బులో సభ్యుడై గురి అభ్యాసానికి పాయింట్ 22 రైఫిల్ లేదా ఎయిర్ రైఫిల్ అడిగే షూటర్‌ను ఆ సెక్షను పక్కపక్కనే నిలబెట్టింది. ఇతరత్రా అభ్యంతరాలు లేకుంటే వీరిద్దరికీ అధికారి లైసెన్సు ఇవ్వవలసిందేనని దాని భావం. ఆ తరువాతి సెక్షను మరో మంచి మాట చెప్పింది. దరఖాస్తుదారుకు తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదు. అంటే గుంట భూమి లేని కూలి కొడుకైనా దొర కొడుకుతో సమానంగా అడగవచ్చు. ఈ మాట చట్టంలో అరవై ఏళ్ళుగా ఉన్నా పల్లెల్లో ఎవరూ చెప్పినట్లు లేదు.

షూటర్ల విషయంలో కేంద్ర ప్రభుత్వం మరింత ఉదారంగా ఉన్నది. 2020 ఫిబ్రవరిలో హోం శాఖ ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం అంతర్జాతీయ పతకాలు సాధించినవారు, పేరుపొందిన షూటర్లు పన్నెండు దాకా అదనపు తుపాకులు ఉంచుకోవచ్చు. ఎదుగుతున్న షూటర్లకు రెండింటికి అనుమతి ఉన్నది. మామూలు లైసెన్సుకు 21 ఏళ్ళు నిండాలి. శిక్షణలో ఉన్న పిల్లలు మాత్రం 12 ఏళ్ళు నిండితే చాలు, శిక్షకుని కళ్ళెదుట తుపాకి పట్టవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి ఉన్నది. ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ అనేవి మందుగుండుతో కాక గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండును వదిలే సాధనాలు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం నిర్ణీత శక్తికి లోబడిన, పాయింట్ 177 కొలత గల ఎయిర్ గన్నులకు లైసెన్సే అవసరం లేదు. గగన్ నారంగ్ పతకం తెచ్చినది ఇటువంటి కొలత గల రైఫిల్‌తోనే. కనుక ఒలింపిక్సుకు పోయే దారిలో మొదటి మెట్టుకు కలెక్టరు ఆఫీసు చుట్టూ తిరగనక్కరలేదు.

మరి అడ్డు ఎక్కడ? చట్టంలోని 'క్లబ్బు' అనే ఒక్క మాట దగ్గర పల్లె ఆగిపోతున్నది. పెద్ద తుపాకి కావాలంటే గుర్తింపు పొందిన క్లబ్బులో సభ్యత్వం కావాలి. క్లబ్బులు, రేంజిలు, శిక్షకులు ఉన్నది హైదరాబాదులో. పోటీలకు పనికివచ్చే ఎయిర్ రైఫిల్ ధర లక్షల్లో పలుకుతున్నది. కంది, పత్తి అమ్ముకుని బతికే ఇంటికి ఇది అయ్యే పని కాదు. చట్టం తలుపు మూయలేదు గాని ఆ తలుపు ఉన్న ఇల్లు పట్నంలో ఉన్నది.

ఇతర దేశాల తీరు

ప్రపంచంలో ఈ విషయమై ఏ రెండు దేశాల చట్టమూ ఒకే విధంగా లేదు. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా అంతా ఒక్క ప్రశ్నలో ఉన్నట్లు తోస్తుంది. ఆట ముగిసిన తరువాత రాత్రి పూట తుపాకి ఎక్కడ ఉంటుంది?

బ్రిటన్ కథ ఇందులో అతి విషాదకరమైనది. 1996 మార్చి 13న స్కాట్లాండులోని డన్‌బ్లేన్ అనే చిన్న పట్టణంలో ఒక దుండగుడు ప్రాథమిక పాఠశాలలో చొరబడి 16 మంది పసిపిల్లలను, వారి పంతులమ్మను కాల్చి చంపాడు. అతని చేతిలోని పిస్తోళ్ళు దొంగవి కావు. లైసెన్సు పొంది, గురి అభ్యాసం పేరుతో ఇంట్లో ఉంచుకున్నవి. దానితో ఆ దేశం 1997లో ప్రజల వద్ద పిస్తోళ్ళు ఉండడాన్నే దాదాపు పూర్తిగా నిషేధించింది. తత్ఫలితంగా ఆ దేశపు పిస్టల్ షూటర్లు అభ్యాసం కోసం సముద్రం దాటి పరాయి దేశాలకు పోవలసి వచ్చింది. 2012లో లండన్‌లోనే ఒలింపిక్సు జరిగినప్పుడు ఆ పోటీల కోసం ప్రత్యేక అనుమతులు ఇవ్వవలసి వచ్చింది. స్కాట్లాండు ఇంకా ముందుకు పోయి 2016 డిసెంబరు 31 నుంచి ఎయిర్ గన్నుకు కూడా లైసెన్సు తప్పనిసరి చేసింది. మన దగ్గర లైసెన్సు లేకుండా దొరికే వస్తువుకు అక్కడ పోలీసుల కాగితం కావాలి. పదహారు మంది పసివాళ్ళను పోగొట్టుకున్న దేశం ఇంత కఠినంగా ఉండడాన్ని తప్పు పట్టడానికి ఎవరికీ నోరు రాదు.

డన్‌బ్లేన్ దుర్ఘటన జరిగిన ఆరు వారాలకే, ఏప్రిల్ 28న, ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒక్కడే 35 మందిని చంపాడు. ఆ ప్రభుత్వం ప్రజల వద్ద నుంచి ఆరు లక్షలకు పైగా తుపాకులను డబ్బిచ్చి కొని ధ్వంసం చేయించింది. ఆత్మరక్షణ కోసం అంటే అక్కడ లైసెన్సు ఇవ్వరు. క్రీడ అంటే ఇస్తారు గాని క్లబ్బుకు క్రమం తప్పక పోతున్నట్లు చూపాలి. వ్యవసాయం అన్నా ఇస్తారు. ఇంత చేసినా 2025 డిసెంబరులో సిడ్నీలోని బొండాయ్ సముద్ర తీరంలో కాల్పులు జరిగి 15 మంది ప్రాణాలు కోల్పోయారు. అక్కడ కూడా నిందితులలో ఒకనికి లైసెన్సుతో ఆరు తుపాకులు ఉన్నట్లు తేలింది. వెంటనే న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం మనిషికి నాలుగు తుపాకులకు మించరాదని, క్రీడాకారులకు, రైతులకు మాత్రం పది దాకా ఉండవచ్చునని చట్టం చేసింది. మన 13వ సెక్షను వలెనే అక్కడ కూడా రైతు, షూటర్ ఒకే వరుసలో నిలబడడం గమనించదగిన విషయం.

జపానులో చట్టం ఇంకా కఠినం. తరగతికి హాజరు కావాలి, రాత పరీక్ష నెగ్గాలి, వైద్యుని ధృవపత్రం తేవాలి, పోలీసులు ఇరుగుపొరుగును కూడా విచారిస్తారు. షాట్‌గన్ పదేళ్ళు మచ్చ లేకుండా ఉంచుకున్న తరువాతే రైఫిల్ అడగాలి. క్రీడకు పిస్టల్ ఉంచుకునే భాగ్యం దేశం మొత్తం మీద 50 మందికి మాత్రమే. జర్మనీలో తుపాకి కొనడానికి ముందు ఏడాది పాటు క్లబ్బు సభ్యుడై అభ్యాసం చేసినట్లు రుజువు చూపాలి. కొన్న తుపాకిని ఇనుప పెట్టెలో పెట్టినదీ లేనిదీ చూడడానికి అధికారులు చెప్పకుండా ఇంటికి రావచ్చు.

స్విట్జర్లాండుది మరో దారి. అక్కడ గురి ఆట ఊరి జాతర వంటిది. జ్యూరిక్ నగరంలో ఏటా 13 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు పెద్ద పోటీ జరుగుతుంది. అంతటి అలవాటు ఉన్న దేశం కూడా 2019 మే నెలలో ప్రజల ఓటుతో నిబంధనలు బిగించింది. కొన్ని రకాల తుపాకులు ఉంచుకునే షూటర్లు ఐదేళ్ళకు, పదేళ్ళకు తాము నిజంగా ఆడుతున్నట్లు రుజువు చూపాలి.

అమెరికాలో పైవన్నీ తలకిందులు. తుపాకి హక్కు 1791 నుంచి వారి రాజ్యాంగంలోనే ఉన్నది. దేశమంతటికీ వర్తించే లైసెన్సు లేదు. దుకాణంలో నేర చరిత్ర విచారించి ఇచ్చేస్తారు. ఆ దేశంలో మన తెలుగు పిల్లలు వేల సంఖ్యలో ఉన్నందున ఒక సంగతి తల్లిదండ్రులు తెలుసుకోవడం అవసరం. చదువుకో, ఉద్యోగానికో వీసా మీద వెళ్ళినవారు తుపాకి ఉంచుకోరాదన్నది అక్కడి సాధారణ నియమం. అయితే వేట లైసెన్సు తీసుకున్నవారికి మినహాయింపు ఉన్నది. ఆ సందులో నుంచి పోయి కొందరు తుపాకి కొంటున్నారు. 2024 నవంబరులో హైదరాబాదు నుంచి వెళ్ళిన ఒక విద్యార్థి తన వేట తుపాకిని శుభ్రం చేస్తుండగా అది పేలి, పుట్టినరోజు నాడే మరణించిన వార్త పత్రికల్లో వచ్చింది. అంతకు ముందు 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో ఒక తెలుగు ఇంజనీరు జాత్యహంకారి తూటాకు బలైన సంగతి కూడా మరువరానిది. తుపాకి తలగడ కింద పడుకునే దేశం అది. దానిని ఆదర్శంగా తీసుకోవలసిన పని మనకు లేదు.

బీరువాలో తుపాకి, మెడలో పతకం

మనకు పనికివచ్చే పాఠం ఆసియాలోనే ఉన్నది. చైనాలో మామూలు పౌరుడు తుపాకి ఉంచుకోవడం దాదాపు అసాధ్యం. తుపాకులు సర్కారు రేంజిలలో ఉంటాయి. పిల్లలు అక్కడికి పోయి నేర్చుకుంటారు, సాయంత్రం ఒట్టి చేతులతో ఇంటికి వస్తారు. ఆ చైనా 2024 పారిస్ ఒలింపిక్సులో షూటింగులో ఐదు స్వర్ణాలు గెలిచింది. దక్షిణ కొరియాలో వేట తుపాకిని సైతం పోలీసు స్టేషనులో అప్పగించి రావాలి. అదే దేశపు బడిపిల్ల బాన్ హ్యోజిన్ 2021లో షూటింగు మొదలుపెట్టి సుమారు మూడేళ్ళకే, 16 ఏళ్ళ వయసులో, పారిస్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం అందుకుంది. చట్టం కఠినంగా ఉంటే ఆట చచ్చిపోతుందనే వాదన ఈ రెండు దేశాల ముందు నిలవదు. ఇంట్లో తుపాకి ఉంటేనే షూటర్ తయారవుతాడనేది పట్నపు మాట. బడిలో తుపాకి ఉంటే చాలునన్నది కొరియా మాట.

అంత దూరం పోనక్కరలేదు. పారిస్‌లో మన దేశానికి 50 మీటర్ల రైఫిల్ పోటీలో కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుసాలే ఏ పట్నం బిడ్డ అని చూస్తే, కొల్హాపూరు జిల్లాలోని కంబల్‌వాడి అనే పల్లె బిడ్డ అని తేలింది. తండ్రి బడి పంతులు. మహారాష్ట్ర ప్రభుత్వం నడిపే 'క్రీడా ప్రబోధిని' పథకం ఆ పిల్లవాడిని పల్లె నుంచి తీసుకుపోయి, తుపాకి చేతికిచ్చి, గురి నేర్పింది. మనకు బీదరు దాటితే మహారాష్ట్రే. అక్కడ అయిన పని ఇక్కడ కాకపోవడానికి కారణం కనిపించదు.

ఇంకొక పక్క మన పొరుగునే, కర్ణాటకలోని కొడగు జిల్లాలో కొడవలకు బ్రిటిషు కాలం నుంచి లైసెన్సు అవసరం లేకుండా తుపాకి ఉంచుకునే మినహాయింపు ఉన్నది. వారు ఏటా పండుగనాడు తుపాకికి పూజ చేసి, కొబ్బరికాయను గురి చూసి కొడతారు. 2029 దాకా కేంద్రం పొడిగించిన ఈ మినహాయింపును కర్ణాటక హైకోర్టు 2021లో సమర్థించింది. ఒకే దేశంలో ఒక జిల్లాలో తుపాకి ఇంటి దేవత, మరో జిల్లాలో తుపాకి చూస్తేనే వణుకు. అయితే అది వారి ఆచారం. మన ఊళ్ళకు అటువంటి మినహాయింపు కావాలని కోరడం సమంజసం కాదు. గట్టు తగాదాకు గొడ్డళ్ళు లేచే చోట ఇంటింటికీ తుపాకి ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

పల్లె పెద్దల భయం కూడా ఇదే. పిల్లవాని చేతికి తుపాకి ఇస్తే ఏమి చేస్తాడోనని వారు సంకోచిస్తారు. ఎయిర్ గన్ను కొనుక్కొచ్చి చెరువు కట్ట మీద కొంగలను, చేలల్లో నెమళ్ళను కొట్టే పోకిరీలు లేకపోలేదు. నెమలిని కొట్టడం వన్యప్రాణి చట్టం కింద పెద్ద నేరమని వారికి జైలుకు పోయిన తరువాత గాని తెలియదు. లైసెన్సు అక్కరలేని తుపాకి ఇంట్లో ఉంటే వచ్చే కీడు ఇది. బడి బీరువాలో ఉంటే రాదు.

అలాగే క్రీడా లైసెన్సును అడవి పంది సమస్యతో ముడిపెట్టరాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పంటను పాడుచేసే పందినైనా అధికారం ఉన్న అధికారి లిఖితపూర్వక అనుమతి లేకుండా చంపరాదు. పంట కాపలా లైసెన్సుకు చట్టంలో చోటున్నదని ముందే చెప్పుకున్నాము. ఆ దరఖాస్తులను ఏళ్ళ తరబడి మూలన పడవేయకుండా చూడడం అధికారుల బాధ్యత. ఆ దారి తెలియక, తెలిసినా అందక రైతులు చేను చుట్టూ కరెంటు తీగ కడుతున్నారు. దానికి పంది కంటె ముందు పక్క చేను రైతో, తెల్లవారుజామున నీళ్ళు పెట్టవచ్చిన సొంత కొడుకో బలి అవుతున్న ఉదంతాలు రాష్ట్రంలో ఏటా వింటున్నాము.

పిల్లల ఆట విషయానికి వస్తే కావలసినది పెద్దది కాదు. ఎయిర్ రైఫిల్ పోటీలో దూరం పది మీటర్లే. నడి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, అంటే ఆవగింజలో సగం కూడా ఉండదు. పొద్దంతా పత్తి చేలో వంగి పని చేసే తల్లికి పుట్టిన పిల్లకు ఓపిక ఎవరూ నేర్పనక్కరలేదు. ఈ ఆటకు పరుగు, ఎత్తు, బలం కన్నా స్థిమితం ముఖ్యం కనుక వికలాంగులు, ఆడపిల్లలు కూడా సమానంగా రాణించగలరు. ఎన్.సి.సి. ఉన్న బడుల్లో పాయింట్ 22 రైఫిల్ శిక్షణ ఎప్పటి నుంచో ఉన్నదే. ఆ దళాలు ఎన్ని పల్లె బడులకు అందాయన్నదే ప్రశ్న.

2016 అక్టోబరులో వికారాబాదు వేరే జిల్లా అయినప్పుడు, ప్రతి పనికీ హైదరాబాదు పరుగెత్తే బాధ తప్పుతుందని ప్రజలు ఆశించారు. జిల్లాలో తుపాకి లైసెన్సు ఇచ్చే అధికారం, బడులకు వసతులు చూసే బాధ్యత రెండూ కలెక్టరు బల్ల మీదనే కలుస్తాయి. వికారాబాదులో ఒకటి, తాండూరులో ఒకటి, మర్పల్లి వంటి మండల కేంద్రంలో ఒకటి చొప్పున పది మీటర్ల రేంజిలు పెట్టడానికి కొత్త భవనాలు కట్టనక్కరలేదు. పదిహేను మీటర్ల పొడవున్న గది, చివర గుండ్లు దూసుకుపోని ఇనుప రేకు గోడ, నాలుగు ఎయిర్ రైఫిళ్ళు, వారానికి రెండు రోజులు హైదరాబాదు నుంచి రైలులో వచ్చిపోయే శిక్షకుడు చాలు. రైఫిళ్ళకు ఒక ఇనుప బీరువా, దానికి రెండు తాళాలు ఉండాలి. ఒక తాళంచెవి ప్రధానోపాధ్యాయుని వద్ద, రెండవది పోలీసు స్టేషనులో ఉంచితే పల్లె పెద్దలకు కూడా అభ్యంతరం ఉండదు.